అక్కడక్కడ మంచు కురియును

జనవరి ఇరవై రెండో తేదీన మా గుమ్మసింగిలో మంచు పడలేదు. ఈ మాట నేను నోటికొచ్చినట్టు అనడం లేదు. మూడు సంతకాలు, రెండు ముద్రలు ఉన్న ప్రభుత్వ కాగితం నా దగ్గరుంది. ఆ పొద్దున పోస్టాఫీసు తలుపు తీద్దామని బయల్దేరితే, పడని ఆ మంచు నా గొడుగు మీద రెండు వేళ్ళ మందాన పేరుకుంది, చెప్పుల్లోకి దూరింది, చివరికి నన్ను పోస్టుడబ్బా పక్కన వెల్లకిలా పడేసింది. నడుం ఇప్పటికీ పట్టేస్తూనే ఉంది. ఆ నొప్పిని కూడా ప్రభుత్వం గుర్తించలేదు.

నేను ఈ ఊరి పోస్టుమాస్టర్ని. విశాఖ మన్యంలో ఘాట్ రోడ్డు ఎక్కలేక ఎక్కలేక ఆగిపోయిన చోట మా ఊరుంటుంది. ఉద్యోగం కాక నాకొక పదవి కూడా ఉంది. మబ్బుమిత్ర మండలికి కార్యదర్శిని. మండలిలో మేం ముగ్గురం. సైన్సు టీచరు వసంతలక్ష్మి దగ్గర థర్మామీటరు ఉంది. జీపు నడిపే కొర్రా బలరాం దగ్గర ఎడమ మోకాలు ఉంది. వాన రేపనగా అది ఇవాళే సలుపుతుంది. నా దగ్గర పోస్టాఫీసు గోడ ఉంది. ఆ గోడ మీద రెండేళ్ళుగా బలరాం మోకాలికీ, పూర్వసూచనల శాఖకీ పోటీ పెట్టి పట్టిక రాస్తున్నాను. మోకాలు చాలా ముందుంది.

శాఖవారి బులెటిన్ మాకు పోస్టులో వస్తుంది. "రేపటి వాతావరణం" అని పైన రాసి ఉంటుంది కానీ, ఆ రేపు గడిచి నాలుగు రోజులైతే గాని మా ఊరు చేరదు. అయినా అతికించడం నా బాధ్యత, అతికిస్తాను. చలికాలమంతా దాని చివర ఒకటే వాక్యం ఉంటుంది: "ఏజెన్సీలో అక్కడక్కడ మంచు కురియును." ఆ మంచు పొగమంచు. నవంబరు మొదలు ఫిబ్రవరి దాకా ఎదురొచ్చే గేదె మీదకొస్తే గాని కనపడనంత పొగమంచు మాకు మామూలే. మన భాషలో ఆకు మీద మెరిసేదీ మంచే, దారిని మింగేదీ మంచే, హిమాలయాల మీద కూచునేదీ మంచే. ఆ మూడోది మన ఇంటికి చుట్టపుచూపుగా రాదన్న ధీమాతో తెలుగువాళ్ళు ఇన్నేళ్ళూ హాయిగా బతికారు.

ఇక అసలు మనిషి గెమ్మెలి రాజులమ్మ. స్కూలు వెనక కంచె వేసిన చోట వాన కొలిచే గొట్టం ఒకటి ఉంది. దాని తాళంచెవి ఆవిడ మెడలో నల్లపూసల పక్కన వేలాడుతుంది. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి గొట్టం తెరిచి, పడిన నీళ్ళు గాజు కొలతలో పోసి, పుస్తకంలో రాసి, స్కూలు ముందున్న నల్లబల్ల మీద కూడా రాస్తుంది. ఆ బల్ల చూసుకునే మా ఊళ్ళో కాఫీ గింజలు ఆరబెడతారు. ఆవిడకి ముందు పన్నెండేళ్ళు వాళ్ళ నాన్న ఈ పని చేశాడు. ఆవిడ ఈ పనిలో చేరి పందొమ్మిదేళ్ళు నిండాయి. సొంత కూతురి పెళ్లినాడు కూడా మగపెళ్లివారిని వాకిట్లో నిలబెట్టి, గొట్టం చూసొచ్చి అప్పుడు రమ్మంది.

ఇరవై రెండో తేదీ ఎనిమిదిన్నరకి మేమందరం గొట్టం దగ్గర చేరాం.

"ఇదేటండి పోస్టుగారూ? దూదా?" అంది రాజులమ్మ.

"దూది కాదు. నోట్లో ఎట్టుకుంటే నీరైపోనాది," అన్నాడు బలరాం. వాడి మోకాలు ముందురోజు సలపలేదు. పైనుంచి కిందికి ఒణికిందట. ఆ జబ్బు పేరు తెలియక ఊరుకున్నాడు.

వసంతలక్ష్మి టీచరు పరిశీలకుల చేతిపుస్తకం చివరి పేజీలు తిప్పి, ఎవరూ ఏనాడూ విప్పని అంటుకుపోయిన కాగితం విప్పింది. అందులో ఉంది: గొట్టంలో ఇలాంటిది పడితే కొలిచిన వేడినీళ్ళు పోసి కరిగించి, పోసినంత తీసేసి మిగతాది రాయాలి. అలాగే చేశారు. ఆరున్నర మిల్లీమీటర్లు వచ్చింది. రకం అన్న గడి దగ్గర రాజులమ్మ కలం ఆగింది. ఉత్త మంచు అని రాస్తే రోజూ ఉండే పొగమంచనుకుంటారు కదా అని బాగా ఆలోచించి ఇలా రాసింది: "తెల్ల మంచు. దూదిలాగ ఉన్నది. ముద్ద చేయవచ్చును. బలరాం చేసి నా మీద విసిరినాడు."

నిజాయితీ అంటే అదీ. వారం తిరక్కుండా దానికి ఫలితం వచ్చింది.

ఆ సంవత్సరం పూర్వసూచనల శాఖకి ఢిల్లీ నుంచి నూటికి నూరు పతకం రాబోతోందని మాకు తెలియదు. చెప్పిన వాతావరణం ప్రతిదీ జరిగి, చెప్పనిది ఒక్కటీ జరగకపోతే ఇచ్చే పతకమది. దాని కోసం సంచాలకులు డాక్టర్ కంచుమర్తి విశ్వేశ్వరప్రసాద్ గారు స్వయంగా ఒక ఉత్తర్వు జారీ చేశారు. పేరు సూచన-సంభవ సమన్వయ ఉత్తర్వు. అందులో ముఖ్యమైన ముక్క ఇది: "సూచింపబడని వాతావరణము సంభవించినట్లు పరిగణింపరాదు. అట్టి అనధికార వాతావరణమును చూచుట, అందు తడియుట, వణకుట, ఇతరులకు తెలియజేయుట క్రమశిక్షణా చర్యకు పాత్రమగును."

ఇరవై రెండుకి శాఖవారి సూచన పొడి వాతావరణం, నిర్మలాకాశం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా వచ్చి రాజులమ్మ మీద పడింది. ఆ గడి కొట్టేసి సున్నా వేస్తే సరి, లేకపోతే అంతవరకూ విధుల నుంచి తప్పించడమైనదని మెమో. జీపులో ఇద్దరొచ్చి ఆవిడ మెడలోంచి తాళంచెవి తీయించుకున్నారు. మళ్ళీ అనధికారంగా ఏదీ పడకుండా గొట్టానికి రేకుమూత బిగించి లక్కముద్ర వేశారు.

"పడినాది రాసినాను బాబూ. పడనిది రాయడం నాకు రాదు," అంది రాజులమ్మ.

"మీకు రానక్కరలేదమ్మా. సున్నా అందరికీ వచ్చు," అన్నాడు వచ్చినవాడు.

మూత వేశాక మా గొట్టంలో రోజూ సున్నాయే. పొడి అన్నరోజు పొడి తప్పడానికి వీల్లేదు. ఈ పద్ధతి శాఖకి ఎంత నచ్చిందంటే జిల్లాలో గొట్టాలన్నిటికీ మూతలు చేయించారు. ఆ తర్వాత జనం వంతు వచ్చింది. వాన సూచించిన రోజున మిటమిటలాడే ఎండలో స్కూలుకి సెలవిచ్చి పిల్లల్ని గొడుగుల కింద ఇళ్ళకి పంపారు. పొడి సూచించిన రోజున కుండపోతగా కురిస్తే మా పంచాయతీ కార్యదర్శి మడిచిన గొడుగు చంకలో పెట్టుకుని, ముద్దయి, ఇవాళ ఎండ కొంచెం ఎక్కువగా ఉందండీ అని నన్ను పలకరించి వెళ్ళాడు. పెళ్ళాం పిల్లలు గలవాడు, ఏం చేస్తాడు పాపం.

మండలి ఊరుకుంటుందా? సాక్ష్యం చూపిస్తే సరిపోతుందని తీర్మానించాం. కొండవాలు నీడలో మిగిలిన మంచుని బలరాం టీ ఫ్లాస్కులో కూరాడు. ఇద్దరం జీపులో నాలుగ్గంటలు దిగి శాఖ కార్యాలయానికి వెళ్ళాం. అక్కడ గుమాస్తా మూత తీసి, లోపలికి చూసి, రశీదు రాసిచ్చాడు: "అందినది నీరు, ఒక ఫ్లాస్కు. టీ వాసన గలదు."

రెండోసారి చేపల మార్కెట్టు నుంచి థర్మోకోలు పెట్టె అడిగి తెచ్చి దాన్నిండా పట్టుకెళ్ళాం. ఈసారి కరగలేదు. గుమాస్తా ముక్కు మూసుకుని రశీదు రాశాడు: "అందినది చేపల ఐసు. చేపలు లేవు. చేపలు ఏమైనవో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆ సంజాయిషీ మేం ఇంకా ఇవ్వలేదు.

మా గోల పేపర్లో అయిదు వాక్యాలుగా పడేసరికి సంచాలకులే విచారణకి వచ్చారు. ఆ రోజుకీ సూచన పొడి వాతావరణమే. అందుకని ఆయన పొట్టి చేతుల చొక్కా, నల్లకళ్ళద్దాలతో దిగారు. అరవైకి దగ్గరపడినా జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. స్కూలు ఆవరణలో కుర్చీ వేశాం. ఊరంతా గొంగళ్ళు కప్పుకుని చుట్టూ నిలబడింది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ఈ అక్షాంశమునందు హిమపాతమునకు శాస్త్రీయముగా గాని, పరిపాలనాపరముగా గాని అవకాశము లేదు."

సరిగ్గా అప్పుడే పడటం మొదలైంది. ముందు పలుచగా, తర్వాత దుప్పటి దులిపినట్టు.

ఆయన ఆపలేదు. "నిర్మలాకాశమును మీరందరు చూచుచున్నారు."

"బాబుగారూ, మీ తలంతా తెల్లగైపోనాది," అన్నాడు బలరాం.

"నా జుట్టు నెరిసినది. అది నా వ్యక్తిగత విషయము."

"కనుబొమలు కూడానండి?"

"కనుబొమలకు కూడ వయస్సు వచ్చును." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఇది వణుకు కాదు. నేను అక్షరములను స్పష్టముగా పలుకుచున్నాను."

రాజులమ్మకి జాలేసి తన గొంగళి తీసి ఇవ్వబోయింది. ఆయన దాన్ని పాముని చూసినట్టు చూశారు. కప్పుకుంటే చలిని ఒప్పుకున్నట్టే.

అక్కడితో ఊరుకుంటే రాజులమ్మ నెగ్గేది. ఊరంతా చూస్తోంది, ఆయన మరో అయిదు నిమిషాలు నిలబడే స్థితిలో లేరు. నేనే కంపు చేశాను. ఇంత జనం ముందు శాఖ పరువు పూర్తిగా తీయాలన్న దురదతో, సైకిలు మీద మనిషిని పంపి తెప్పించుకున్న ఆ రోజు బులెటిన్ని జేబులోంచి తీసి గట్టిగా చదివాను. "పొడి వాతావరణము! నిర్మలాకాశము! ఏజెన్సీలో అక్కడక్కడ మంచు కురియును!"

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఏదీ, చివరిది మళ్ళీ చదవండి."

చదివాను. సగంలోనే నేనేం చేశానో నాకు తెలిసింది.

"మంచు!" అని సంచాలకులు కుర్చీలోంచి లేచారు. "మంచు కురియునని మా శాఖ ముందే చెప్పినది! కురిసినది! ఇది ఏమిటి? మంచు! ఎవరు సూచించినది? మేము! ఆ గొంగళి ఇటివ్వమ్మా!"

ఆ వాక్యం ఎప్పుడో ఎవరో గుమాస్తా పొగమంచు కోసం రాసి అచ్చుకిచ్చినది. తర్వాత తీసే ఓపిక ఎవరికీ లేక ఏటా చలికాలమంతా అలా ఉండిపోయింది. దేశంలో మరెవరికీ సాధ్యంకాని హిమపాత సూచన చేసిన ఘనత పావుగంటలో శాఖకి దక్కింది. పేపర్లో ఆయన బొమ్మ పడింది, తల మీద మంచుతో సహా.

రాజులమ్మకి తాళంచెవి తిరిగొస్తుందని మేం మిఠాయి కూడా పంచుకున్నాం. వచ్చింది రెండో మెమో. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి చలికాలం ప్రతిరోజూ శాఖ మంచు సూచించింది. పుస్తకంలో చూస్తే ఆ రోజులన్నిటికీ సున్నాలున్నాయి. సూచన తప్పదు కనక సున్నాలే తప్పు. కాబట్టి సదరు పరిశీలకురాలు తన కాలపువీ, తన తండ్రి కాలపువీ సున్నాలన్నీ కొట్టేసి మంచు అని దిద్దవలెను. ఫిబ్రవరి పన్నెండో తేదీన మంచు సూచన ఘనతకు గుర్తుగా గుమ్మసింగిలో శాఖ జరుపు హిమోత్సవంలోగా దిద్దనిచో పోస్టు రద్దు, గొట్టము వేరొక గ్రామమునకు తరలింపు.

ఆ కాగితం ఇవ్వడానికి నేనే వెళ్ళాలి, పోస్టుమాస్టర్ని కదా. నా నోటిదూల వల్ల వచ్చిన ఉత్తరాన్ని నేనే చదివి వినిపించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రాజులమ్మ లోపలికెళ్ళి పాత పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. "మా అయ్య సేతిరాత సూడండి పోస్టుగారూ. ఒకటీ రెండూ వంకరగా రాసినా సున్నా మాత్రం సక్కగా సుట్టేవోడు. ఏటీ పడనినాడు కూడా వొచ్చి సూసినానని గుర్తంట అది. ఆటి మీద నన్ను గీత కొట్టమంతారా?"

"వద్దు," అన్నాను.

ఫిబ్రవరి పన్నెండు వచ్చింది. ఆ పొద్దున బలరాం మోకాలు హాయిగా ఉంది. అప్పుడే అనుకున్నాను, శాఖవాళ్ళ పని అయిపోయిందని.

స్కూలు వెనక షామియానా వేశారు. శాఖవాళ్ళు పద్దెనిమిదిమంది స్వెట్టర్లతో వచ్చి, సూచనకి అనుగుణంగా వరసలో నిలబడి వణుకుతున్నారు. సంచాలకులు ఎక్కడినుంచో తెప్పించిన బొచ్చుకోటు, చేతితొడుగులు, చెవులు మూసే మంకీ టోపీతో దిగారు. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఏడున్నరకే ఎండ చుర్రుమంటోంది.

"ఆహా, ఏమి చలి!" అన్నారు సంచాలకులు. మొహమంతా చెమట ధారలు కడుతోంది.

"కోటు ఇప్పేయండి బాబూ, సచ్చిపోతారు," అంది రాజులమ్మ. ఆవిడ కంచె బయట నిలబడింది, లోపలికి రావడానికి హక్కు లేదు కనక.

"ఇది అనధికార ఎండ. దీనిని మేము గుర్తించుట లేదు."

ఎనిమిదింటికి ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. పతకం కమిటీవారు. ఇవాళ్టితో లెక్క ముగిస్తారట. సూచించిన మంచు పడినట్టు గొట్టంలో కొలత కావాలి. అది విధుల్లో ఉన్న పరిశీలకురాలు ఎనిమిదిన్నరకి రాసింది అయ్యుండాలి. లేకపోతే పతకం రెండో స్థానంలో ఉన్న ఎడారి రాష్ట్రానికి పోతుంది. వాళ్ళు రోజూ ఎండ అని చెప్పి పడుకుంటారు, ఒక్కరోజూ తప్పలేదు.

శాఖలో కొలవడం వచ్చినవాళ్ళెవరని సంచాలకులు వెనక్కి తిరిగి చూశారు. పద్దెనిమిదిమందీ మరింత గట్టిగా వణికారు. వచ్చిన పని అదొక్కటే మరి.

ఎనిమిదీ పదిహేనుకి షామియానా బల్ల మీద కాగితం తయారైంది. గెమ్మెలి రాజులమ్మను తక్షణమే విధులలోనికి తీసుకొనడమైనది, ఆమె నమోదులు పూర్వము నుండి నేటి వరకు సంపూర్ణ విశ్వసనీయములుగా పరిగణింపబడును. సంపూర్ణ విశ్వసనీయము అని లేకపోతే ఢిల్లీవాళ్ళు ఒప్పుకోరు మరి. సంతకం, ముద్ర, తారీఖు అన్నీ పడ్డాయి. నేను ఆ కాగితాన్ని అప్పటికప్పుడు రిజిస్టరు పోస్టు చేసి రశీదు జేబులో వేసుకున్నాను. నా ఉద్యోగం ఎందుకున్నట్టు?

రాజులమ్మ తాళంచెవి మెడలో వేసుకుంది. ఒకసారి దాన్ని పిడికిట్లో పట్టుకుని చూసుకుంది. లక్కముద్ర పగలగొట్టి మూత తీసింది. గొట్టం ఎముకలాగా ఎండిపోయి ఉంది.

"ఏమైనా ఉన్నదా?" అని సంచాలకులు మీదకి వంగారు.

"ఏటీ లేదు."

"సరిగా చూడమ్మా! ఇంకా ఆరు నిమిషములున్నవి. పడును! మేము సూచించినాము!" అని ఆయన గొట్టం మీదకి ఇంకా వంగి, కనపడక, చేత్తో మంకీ టోపీ లాగేశారు. పొద్దుటినుంచి ఆ ఉన్ని పీల్చుకున్నదంతా పిడికిట్లో నలిగి, ధారగా గొట్టంలోకి దిగింది. ముక్కు చివర నుంచి మరో నాలుగు చుక్కలు దాన్ని వెంబడించాయి.

బలరాం మొహం అటు తిప్పుకున్నాడు. వసంతలక్ష్మి టీచరు చెంగు నోట్లో కుక్కుకుంది.

రాజులమ్మకి అవేమీ పట్టలేదు. వాచీ చూసింది. సరిగ్గా ఎనిమిదిన్నరకి గొట్టంలోది గాజు కొలతలో పోసి, కంటి ఎత్తుకి పట్టుకుని, అటూ ఇటూ చూసి చెప్పింది. "సున్నా పాయింటు రెండు."

"పడినది!" అని సంచాలకులు గంతేశారు. బొచ్చుకోటుతో గంతెయ్యడం చూడాలి. "సూచన ఫలించినది! నమోదు చెయ్యి! రకము మంచు!"

"పడినాది రాస్తాను బాబూ," అని ఆవిడ నెమ్మదిగా రాసింది. సంచాలకులు కళ్ళలోకి చెమట కారుతుండగా, ఢిల్లీ ఫోను చెవిలో మోగుతుండగా, రకం గడి చూడకుండానే కింద మేలుసంతకం గీకేశారు. ఆ పేజీ ఫొటో అప్పుడే ఢిల్లీ వెళ్ళింది. అక్కడ తెలుగు చదివేవారు లేరు. అంకె చూశారు, సంతకం చూశారు, పతకం ఇచ్చారు.

పుస్తకం మా ఊళ్ళోనే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళ సున్నాలు ఎక్కడివక్కడే గుండ్రంగా ఉన్నాయి. జనవరి ఇరవై రెండున బలరాం విసిరిన ముద్ద ఉంది. ఫిబ్రవరి పన్నెండు దగ్గర ఇలా ఉంది: "0.2. మంచు కాదు. ఉప్పగా ఉండవచ్చును. డైరెక్టరు గారి చెమట."

ఏప్రిల్లో ఎవరో తనిఖీకి వచ్చి ఆ గడి చదివారు. చదివాక శాఖలో పెద్ద గందరగోళమైందట. కొట్టేద్దామంటే రాసినావిడ సంపూర్ణ విశ్వసనీయమని రిజిస్టరు పోస్టులో ఉంది. ఉంచేద్దామంటే సూచింపబడనిది సంభవించినట్టవుతుంది, పతకం వెనక్కివ్వాలి. ఎనిమిది సమావేశాలు జరిపి మార్గం కనిపెట్టారు. ఈ చలికాలం మొదటి బులెటిన్ మొన్న పోస్టులో వచ్చింది. నేను గోడకి అతికిస్తుంటే రాజులమ్మ వచ్చి పక్కన నిలబడి పైకి చదివింది.

"పొడి వాతావరణము. ఏజెన్సీలో అక్కడక్కడ మంచు, ఒకటి రెండు చోట్ల చెమట కురియును."

ఆవిడ ఒకసారి ఆకాశం వంక చూసింది. తర్వాత వాచీ చూసుకుంది. ఎనిమిదీ ఇరవై అయింది.

"పడితే రాస్తాను పోస్టుగారూ," అని తాళంచెవి చేత్తో పట్టుకుని గొట్టం వైపు నడిచింది.